టిటె చదివిన బడి

బ్రెజిల్ ఫుట్‌బాల్ కోచ్ టిటె కథ ఎవరు చెప్పినా దాదాపు ఒకేలా చెబుతారు. మోకాళ్ళు దెబ్బతిని ఆట మానేసిన ఒక మామూలు మిడ్‌ఫీల్డర్ పట్టుదలతో కోచ్ అయ్యాడు, సావో పాలో నగరపు క్లబ్బు కొరింథియన్స్‌ని ప్రపంచ విజేతని చేశాడు, చివరికి బ్రెజిల్ జట్టు పగ్గాలే అందుకున్నాడు. ఇందులో తప్పేమీ లేదు. కానీ 1990 నుంచి 2000 దాకా ఈ మనిషి ఎక్కడున్నాడు, అక్కడ ఏం నేర్చుకున్నాడు అన్న ప్రశ్న ఈ కథలో రానే రాదు. నన్నడిగితే టిటె అంటే ఆ పదేళ్ళే. పట్టుదల ఉన్న కోచ్‌లు బ్రెజిల్‌లో వేలమంది ఉన్నారు. వాళ్ళని కోచ్‌లుగా తయారుచేసే బడి మాత్రం ఒకటే ఉంది. ఆ బడి పేరు రాష్ట్ర లీగు. దాన్నే ఇప్పుడు బ్రెజిల్ కుదించుకుంటూ పోతోంది.

అసలు పేరు అదెనోర్ లియొనార్దో బాచ్చి. 1961 మే 25న కషియాస్ దో సుల్‌లో పుట్టాడు. బ్రెజిల్ దక్షిణ కొసన ఉన్న రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలో, ఇటలీ నుంచి వలసవచ్చిన రైతులు ద్రాక్షతోటలు వేసుకున్న కొండప్రాంతం అది. టిటె అన్న పేరు అతనిది కాదు. ఆ ఊళ్ళోనే డిఫెండర్‌గా ఆడుతూ వ్యాయామం మాస్టారుగా కూడా పనిచేసిన లూయిస్ ఫెలిపె స్కొలారి, బడిపిల్లల పోటీల్లో ఈ కుర్రాణ్ణి చూశాడు. కషియాస్ క్లబ్బుకి సిఫారసు చేసేటప్పుడు ఇంకో పిల్లాడి ముద్దుపేరుని పొరపాటున ఇతనికి తగిలించేశాడు. ఆ పొరపాటే నిలిచిపోయింది. 2002లో బ్రెజిల్‌కి ప్రపంచ కప్ తెచ్చిన స్కొలారి ఇతనే. ఆయన కూడా పెద్ద ఆటగాడేమీ కాదు. ఇద్దరు జాతీయ కోచ్‌లు ఒకే ఊళ్ళో, ఒకే చిన్న క్లబ్బు గూట్లోంచి వచ్చారంటే దాన్ని అదృష్టం అని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

ఆటగాడిగా టిటె కషియాస్‌లో మొదలై, బెంతో గొన్సాల్విస్ ఊరి ఎస్పోర్తీవోకీ, అక్కణ్ణుంచి సావో పాలోలోని పోర్చుగేజాకీ, ఆపైన కంపీనస్ నగరంలోని గ్వారనీకీ వెళ్ళాడు. ఒక్కసారి మాత్రం శిఖరం దగ్గరిదాకా వచ్చాడు. 1986 జాతీయ లీగు ఫైనల్ 1987 ఫిబ్రవరిలో జరిగింది. రెండో మ్యాచ్ గ్వారనీ సొంత మైదానంలో. అదనపు సమయం చివరి నిమిషంలో సావో పాలో క్లబ్బు ఆటగాడు కరేకా గోల్ కొట్టి 3-3 చేశాడు, పెనాల్టీల్లో గ్వారనీ ఓడింది. ఆ జట్టులో టిటె ఉన్నాడు. మోకాలికి ఒకదాని తర్వాత ఒకటిగా ఆపరేషన్లు జరిగి, 30 నిండకముందే ఆట ఆగిపోయింది. ఈలోగా కంపీనస్‌లోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో వ్యాయామవిద్య డిగ్రీ పూర్తిచేసుకున్నాడు. ఈ డిగ్రీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు ఆ బడి ఎలా నడుస్తుందో తెలియాలి. బ్రెజిల్ జాతీయ లీగుకి నాలుగు అంచెలు: ఎ, బి, సి, డి. వాటికి పక్కనే, ఏడాది మొదట్లో, ప్రతి రాష్ట్రమూ తన సొంత చాంపియన్‌షిప్ నడుపుకుంటుంది. రియో గ్రాండే దో సుల్‌లో దాన్ని గౌషావో అంటారు. గ్రేమియో, ఇంటర్నసియొనల్ లాంటి దిగ్గజాలూ, పాతికవేల జనాభా ఉన్న ఊరి క్లబ్బూ అందులో ఒకే పట్టికలో ఉంటాయి. చిన్న క్లబ్బుకి సంవత్సరం అంటే మొన్నటిదాకా ఆ మూడు నాలుగు నెలలే. ఏప్రిల్లో ఓడిపోయి, జాతీయ డి లీగులో కూడా చోటు లేకపోతే, మళ్ళీ జనవరి దాకా పెద్దగా ఆటే ఉండదు. అందుకే ఆటగాళ్ళ కాంట్రాక్టులు కూడా అంతకే రాసుకుంటారు. 1998లో వచ్చిన, పెలే పేరుతో పిలిచే క్రీడాచట్టం ప్రకారం కాంట్రాక్టుకి కనీస గడువు మూడు నెలలు. చాలామంది చిన్న ఆటగాళ్ళకి ఆ కనీసమే జీవితం.

అలాంటి క్లబ్బులో కోచ్‌గా చేరితే చేతికి వచ్చేది ఏమిటి? డిసెంబర్లో కొత్తగా పోగుచేసిన పాతికమంది ఆటగాళ్ళు. సగంమందికి ఒకరి పేరొకరికి తెలియదు. కొందరు అయిదారు నెలలుగా బంతి ముట్టుకోలేదు. మొదటి మ్యాచ్‌కి మూడు వారాలో నాలుగు వారాలో గడువు. తర్వాత వారానికి రెండు ఆటలు.

మొదటి వారం ఒంటికి పోతుంది. ఇక్కడే చాలామంది కోచ్‌లు దెబ్బతింటారు. తొందరపడి తొలిరోజే పూర్తివేగంతో పరుగులు పెట్టిస్తే, ఖాళీగా కూర్చుని వచ్చిన ఆటగాడికి తొడ వెనక కండరం చిరుగుతుంది. అది మానడానికి మూడు వారాలు పైనే కావాలి. అంటే మూడు నెలల కాంట్రాక్టులో నాలుగో వంతు పోయినట్టే. చిన్న క్లబ్బులో ఫిట్‌నెస్ చూసుకోవడానికి వేరే మనిషి ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు. కోచే లెక్కవేసుకోవాలి. పరుగుల దూరం ముందు, వేగం తర్వాత, మలుపులూ ఆగడాలూ ఆ తర్వాత. టిటె వ్యాయామవిద్య డిగ్రీ అన్నం పెట్టింది ఇక్కడ.

రెండో వారంలో ఆట నేర్పాలి. ఏ ఆట? ముందుకెళ్ళి గోల్ కొట్టే ఆట నేర్పడానికి నెలలు పడుతుంది. ఎవరు ఎప్పుడు ఎటు పరిగెడతారో ఒకరికొకరికి కంటిచూపుతో తెలిసిపోవాలి, మూడు వారాల్లో అది రాదు. గోల్ ఆపే ఆట మాత్రం నేర్పొచ్చు. వెనక నలుగురు డిఫెండర్లు ఒకే తాడుకి కట్టినట్టు కదలాలి. బంతి ఎడమవైపు ఉంటే నలుగురూ ఎడమకి జరగాలి. కుడి చివరి డిఫెండర్ తన అంచు వదిలేసి మైదానం మధ్యకి రావాలి. కొత్త ఆటగాడికి ఇది చాలా భయం, "నా వెనక ఖాళీ కదా" అంటాడు. ఆ ఖాళీలోకి బంతి పడాలంటే మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి గాల్లో రావాలి, దానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆ లోపు నలుగురూ మళ్ళీ జరగగలరు. ఈ మాట చెప్పి నమ్మించడానికి ఒక రోజు, కాళ్ళకి అలవాటు చేయడానికి పది రోజులు. వాళ్ళ ముందు నలుగురు మిడ్‌ఫీల్డర్లు రెండో వరుస. రెండు వరుసలకీ మధ్య పది పన్నెండు మీటర్లు మించకూడదు. మించిందా, ఎదుటి జట్టులో తెలివైనవాడు ఆ సందులో నిలబడి బంతి అందుకుని తిరుగుతాడు, ఇక ఆట అయిపోయినట్టే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే దాదాపు ఎప్పుడూ ఒక్కడి దగ్గరే. అలసిన ఒక డిఫెండర్ రెండడుగులు వెనకే ఉండిపోతాడు, అతని వల్ల ఆఫ్‌సైడ్ గీత (బంతి వదిలే క్షణానికి ఎదుటివాళ్ళు దాటి ఉండకూడని హద్దు) మొత్తం వెనక్కి జరుగుతుంది, మిగతా ముగ్గురూ సరిగ్గా నిలబడినా ఫలితం ఉండదు.

మూడో వారం కార్నర్లు, ఫ్రీకిక్‌లు. ఖర్చు లేనివి, నేర్పడం తేలిక. నాలుగైదు ఎత్తులు బాగా వస్తే ఎంత చిన్న జట్టయినా పెద్ద జట్టు మీద ఒక గోల్ దొంగిలించగలదు.

ఇదీ సిలబస్. టిటె జట్లు ఎక్కడికెళ్ళినా తక్కువ గోల్స్ ఇస్తాయని అందరూ అంటారు, అది అతని స్వభావం అంటారు. స్వభావం అని నేను అనుకోను. పదేళ్ళ పాటు ప్రతి జనవరికీ ఇదే సిలబస్ మొదటి పేజీ నుంచి చెప్పి చెప్పి, దాన్ని బ్రెజిల్‌లో ఎవరికంటే బాగా చెప్పగలిగే మాస్టారు అయ్యాడు.

1990లో మొదటి ఉద్యోగం గరిబాల్దీ ఊరి గ్వారనీ క్లబ్బులో (కంపీనస్ గ్వారనీతో పేరొక్కటే కలిసింది, క్లబ్బు వేరు). తర్వాత కషియాస్, ఆపైన వెరనోపొలిస్. 1993లో వెరనోపొలిస్‌ని రాష్ట్ర రెండో డివిజన్ విజేతగా నిలిపి పైకి తెచ్చాడు. ఎరెషిం ఊరి ఇపిరంగ, జువెంతూద్, మళ్ళీ వెరనోపొలిస్, మళ్ళీ కషియాస్. మ్యాప్‌లో చూస్తే ఒక్క ఎరెషిం తప్ప మిగతావన్నీ ఆ కొండప్రాంతంలో పక్కపక్కన ఉన్న ఊళ్ళే. పదేళ్ళు ఆ చుట్టుపక్కలే తిరిగాడు. ఓడితే ఊరు మారాడు, గెలిచినా డబ్బులేక జట్టు చెదిరిపోతే ఊరు మారాడు.

2000 గౌషావో ఫైనల్ అతనికి పరీక్షరోజు. ఎదుట గ్రేమియో, అందులో ఇరవై ఏళ్ళ రొనాల్దిన్యో. మొదటి మ్యాచ్ కషియాస్ సొంత మైదానం సెంతెనారియోలో 3-0. గ్రేమియో తేలిగ్గా తీసుకుందని అప్పటికి సర్దిచెప్పుకోవచ్చు. రెండో మ్యాచ్ పోర్తో అలెగ్రెలో, గ్రేమియో గడ్డ మీద. అక్కడ మాత్రం దాచుకోవడానికేమీ లేదు. గ్రేమియోకి పెనాల్టీ దొరికింది, రొనాల్దిన్యో తన్నాడు, కషియాస్ గోల్‌కీపర్ గిల్మార్ దాల్ పోస్సో ఆపాడు. 0-0. ఆ క్లబ్బు చరిత్రలో అదొక్కటే రాష్ట్ర టైటిల్. మరుసటి ఏడాది అదే గ్రేమియో అతన్ని పిలిచి కోచ్‌ని చేసింది. 2001లో గౌషావోతో పాటు, సావో పాలో మైదానంలో కొరింథియన్స్‌ని 3-1తో ఓడించి బ్రెజిల్ కప్ కూడా తెచ్చిపెట్టాడు.

ఇదే నేను చెప్పేది. రాష్ట్ర లీగు లేకపోతే కషియాస్ గ్రేమియోకి ఎదురుపడే సందర్భమే లేదు. చిన్న క్లబ్బు కోచ్ తన పాఠం నిజంగా పనిచేస్తుందో లేదో పెద్దవాడి మీద పరీక్షించుకునేది అక్కడే. యూరప్‌లో మూడో అంచె కోచ్‌కి ఆ అవకాశం కప్పు డ్రాలో ఎప్పుడో అదృష్టం కొద్దీ వస్తుంది. బ్రెజిల్‌లో అది ఏటా క్యాలెండర్‌లోనే ఉంది.

తర్వాతి దశాబ్దం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. సావో కయెతానో, కొరింథియన్స్, అత్లెతికో మినేరో, పల్మేరస్, ఎమిరేట్స్‌లో అల్ ఐన్. చాలాచోట్ల ఏడాది నిండలేదు. 2005లో అతను మధ్యలో వదిలి వెళ్ళిన అత్లెతికో ఆ సీజన్ చివర్లో రెండో డివిజన్‌కి పడిపోయింది. 2008లో ఇంటర్నసియొనల్‌తో గెలిచిన కోపా సుదమెరికానా (దక్షిణ అమెరికా క్లబ్బుల రెండో స్థాయి కప్పు) ఒక్కటే ఆ కాలంలో మెరిసింది. ఆ కప్పు గెలిచిన మొదటి బ్రెజిల్ క్లబ్బు అదే.

2011 ఫిబ్రవరి 2 రాత్రి మాత్రం వివరంగా చెప్పాలి. కొలంబియాలోని ఇబగే నగరంలో కొరింథియన్స్ 0-2తో దెపోర్తెస్ తొలీమా చేతిలో ఓడింది. దక్షిణ అమెరికా క్లబ్బుల అతిపెద్ద పోటీ అయిన లిబెర్తదోరెస్ కప్పులో అసలు గ్రూపులకి చేరకముందే, ప్రాథమిక రౌండ్లోనే. అంతకుముందు ఏ బ్రెజిల్ క్లబ్బుకీ ఆ అవమానం జరగలేదు. జట్టులో రొనాల్దో ఉన్నాడు, రొబెర్తో కార్లోస్ ఉన్నాడు. రెండు వారాల్లో రొనాల్దో ఆటకే వీడ్కోలు చెప్పాడు, రొబెర్తో కార్లోస్ రష్యా వెళ్ళిపోయాడు. అభిమానులు ఆటగాళ్ళ కార్ల మీద పడ్డారు. బ్రెజిల్ లెక్కలో ఆ మర్నాడు కోచ్ ఉద్యోగం ఉండకూడదు. క్లబ్బు అధ్యక్షుడు ఆంద్రెస్ సాంచెస్ అతన్ని తీసేయలేదు. అంతే జరిగింది. ఆ ఒక్క నిర్ణయం వల్ల తర్వాతవన్నీ జరిగాయి. ఆ డిసెంబర్లో 71 పాయింట్లతో జాతీయ లీగు, మరుసటి జులైలో లిబెర్తదోరెస్, ఆ డిసెంబర్లో యోకొహామాలో చెల్సీ మీద 1-0తో క్లబ్ ప్రపంచ కప్.

2012 లిబెర్తదోరెస్ అంకెలు చూస్తే వెరనోపొలిస్ పాఠాలు కనిపిస్తాయి. 14 మ్యాచ్‌లు, ఒక్కటీ ఓడలేదు, ఇచ్చిన గోల్స్ నాలుగంటే నాలుగు. ముందు వరుసలో చాలావరకు అసలు సిసలైన సెంటర్ ఫార్వర్డే లేడు. వెనక రాల్ఫ్, పౌలీన్యో జోడీ, వాళ్ళకి ముందు అందరూ పరిగెత్తేవాళ్ళు. క్వార్టర్ ఫైనల్లో వాస్కోతో రెండో మ్యాచ్‌లో రిఫరీ టిటెని బయటికి పంపేస్తే, అతను వెళ్ళి కంచె అవతల అభిమానుల మధ్య నిలబడి చూశాడు. రెండో సగంలో వాస్కో ఆటగాడు దియెగో సౌజా సగం మైదానం నుంచి ఒంటరిగా బంతితో వచ్చేశాడు. ముందు గోల్‌కీపర్ కాసియో తప్ప ఎవరూ లేరు. కాసియో వేలికొసకి తగిలి బంతి కంబం పక్కనుంచి పోయింది. 87వ నిమిషంలో కార్నర్ నుంచి పౌలీన్యో తలతో గోల్. మూడో వారం పాఠం. (కాసియోని గోల్‌లోకి తెచ్చి అప్పటికి కొన్ని వారాలే. రాష్ట్ర లీగులో పొంటె ప్రేతా చేతిలో ఓడిన మ్యాచ్‌లో పాత గోల్‌కీపర్ తప్పులు చేస్తే, లిబెర్తదోరెస్ నాకౌట్ మొదలవుతుండగానే మార్చేశాడు.)

టిటె మీద క్లబ్బు చూపిన ఆ ఓపిక మిగతా కోచ్‌లకి దక్కలేదు. బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య 2021లో ఒక నియమం పెట్టింది, జాతీయ లీగులో క్లబ్బు ఏడాదికి ఒక్క కోచ్‌నే తీసేయవచ్చని. క్లబ్బులు "పరస్పర అంగీకారంతో విడిపోయాం" అని రాయించుకోవడం మొదలుపెట్టాయి. నియమం ఒక్క సీజన్‌తో సరి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పదేళ్ళు నేర్చుకుని వచ్చినవాడికి పది వారాలు ఇవ్వకపోతే ఆ నేర్చుకున్నది ఎవరికి ఉపయోగం?

2013 చివర్లో కొరింథియన్స్ వదిలాక టిటె ఒక ఏడాది ఏ ఉద్యోగమూ ఒప్పుకోలేదు. అర్జెంటీనాలో కోచ్ బియాంకీ దగ్గరికీ, రియల్ మాడ్రిడ్‌లో కోచ్ అంచెలొత్తి దగ్గరికీ వెళ్ళి శిక్షణ చూశాడు. 53 ఏళ్ళ వయసులో, ప్రపంచ టైటిల్ ఇంట్లో పెట్టుకుని. అప్పటిదాకా అతనికి బాగా తెలిసింది బంతి లేనప్పటి ఆట. ఆ ఏడాది నేర్చుకున్నది బంతి ఉన్నప్పటి ఆట. 2015లో తిరిగొచ్చి 4-1-4-1 పద్ధతిలో (వెనక నలుగురు, వాళ్ళ ముందు ఒకడు, మళ్ళీ నలుగురు, కొసన ఒకడు) రెనాతో అగుస్తో, జాద్సన్, ఎలియాస్‌లతో ఆడించిన కొరింథియన్స్ 81 పాయింట్లతో లీగు గెలిచింది, ఇరవై జట్ల లీగులో అప్పటికి అదే రికార్డు. టైటిల్ ఖాయమయ్యాక ఎక్కువగా రిజర్వు ఆటగాళ్ళతోనే సావో పాలో క్లబ్బుని 6-1తో ఓడించింది. మరి నెల రెండు నెలల్లో చైనా డబ్బు వచ్చి ఆ జట్టు మధ్యభాగాన్ని ఊడ్చుకుపోయింది. గరిబాల్దీలో ఏప్రిల్ నెల ఎలా ఉంటుందో తెలిసినవాడికి ఇది కొత్తేమీ కాదు.

2016 జూన్‌లో జాతీయ జట్టు చేతికొచ్చేసరికి ప్రపంచ కప్ అర్హత పోటీల్లో బ్రెజిల్ ఆరు మ్యాచ్‌లకి తొమ్మిది పాయింట్లతో ఆరో స్థానంలో ఉంది. జాతీయ కోచ్‌కి మ్యాచ్ ముందు దొరికేది మూడు నాలుగు రోజులే. మూడు వారాల్లో జట్టుని నిలబెట్టడం నేర్చినవాడికి ఆ ఇరుకు భయపెట్టలేదు. తనకి తెలిసిన పౌలీన్యో, రెనాతో అగుస్తో చైనాలో ఆడుతున్నా సరే పిలిపించి మధ్యలో నిలబెట్టాడు. అర్హత పోటీల్లో వరసగా తొమ్మిది గెలుపులు. 2017 మార్చిలోనే రష్యాకి టికెట్టు, ఆతిథ్య దేశం తర్వాత అందరికంటే ముందు.

రెండు ప్రపంచ కప్పుల్లోనూ క్వార్టర్ ఫైనల్లో ఓడాడు కాబట్టి టిటె విఫలుడు అనేవాళ్ళు ఉన్నారు. 81 మ్యాచ్‌ల్లో ఆరు ఓటములు ఉన్న మనిషిని అలా అనడం అన్యాయం. కానీ 2022 డిసెంబర్ 9 రాత్రిని నేను కూడా వెనకేసుకురాను. క్రొయేషియా మీద అదనపు సమయంలో నెయ్‌మార్ గోల్‌తో 1-0. మూడు నాలుగు నిమిషాలు గడిస్తే సెమీఫైనల్. 117వ నిమిషంలో బ్రెజిల్ ఇంకా రెండో గోల్ కోసం ముందుకే వెళుతోంది. బంతి పోయింది, వెనక వరుసలు విడిపోయి ఉన్నాయి, పెత్కోవిచ్ కొట్టిన బంతి మార్కిన్యోస్‌కి తగిలి లోపలికి. 120 నిమిషాల్లో క్రొయేషియా గోల్ మీదికి సరిగ్గా కొట్టింది అదొక్కటే. పెనాల్టీల్లో అయిదోవాడిగా పెట్టిన నెయ్‌మార్‌కి వంతే రాలేదు. కషియాస్ కోచ్ టిటె అయితే ఆ నాలుగు నిమిషాలు బంతిని కార్నర్ జెండా దగ్గర దాచేవాడు, రెండు వరుసలూ దగ్గరికి లాగేవాడు. అక్కడ ఓడింది ఆ సిలబస్ కాదు. ఆ క్షణంలో దాన్ని పక్కనపెట్టడం.

ఇప్పుడు బ్రెజిల్‌లో గాలి వేరే వైపు వీస్తోంది. 2019లో ఫ్లమెంగోకి జొర్జె జెసుస్, 2020, 2021ల్లో పల్మేరస్‌కి అబెల్ ఫెరేరా లిబెర్తదోరెస్ తెచ్చాక, కోచ్ అంటే పోర్చుగల్ నుంచే రావాలనే నమ్మకం బలపడింది. 2025లో జాతీయ జట్టుని కూడా బయటివాడికే, ఇటలీ కోచ్ అంచెలొత్తికి ఇచ్చారు, 2014లో టిటె ఎవరి దగ్గరికి వెళ్ళి నేర్చుకున్నాడో ఆయనకే. పోర్చుగల్ కోచ్‌లకి చదువు బాగుంది, దాన్ని కాదనను. అయితే ఆ చదువు కూడా చాలావరకు పెద్ద ఆటగాళ్ళు కానివాళ్ళే చదివారు. మన దగ్గర కూడా, హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1951లోనూ 1962లోనూ భారత జట్టుకి ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చాడు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉంది, ఏళ్ళ తరబడి పాఠం చెప్పుకోవడానికి ఒక చోటు ఉంది. ఆ చోటు బలహీనపడ్డాక మళ్ళీ అలాంటి కోచ్ మన దగ్గర పుట్టలేదు.

2026 నుంచి రాష్ట్ర లీగులని 16 తేదీల నుంచి 11కి తగ్గించారు. పెద్ద క్లబ్బుల ఆటగాళ్ళు అలసిపోతున్నారన్నది కారణం, అది నిజమే కూడా. కానీ ఆ అయిదు తేదీలూ పెద్ద క్లబ్బుకి విశ్రాంతి అయితే, వెరనోపొలిస్ లాంటి ఊళ్ళో కోచ్‌కి ఏడాదిలో మూడో వంతు పని. తగ్గించాలంటే పెద్దవాళ్ళని ఆలస్యంగా రంగంలోకి దింపవచ్చు, చిన్నవాళ్ళ కోసం డి లీగుని ఏడాది పొడవునా సాగేలా విస్తరించి నిజంగా డబ్బు పెట్టవచ్చు. డి లీగులో జట్ల సంఖ్య పెంచారు, ఆ మేరకు మంచిదే. అయితే డి లీగులో గ్రేమియో ఎదురుపడదు.

2000లో రొనాల్దిన్యో పెనాల్టీ ఆపిన గిల్మార్ దాల్ పోస్సో కూడా తర్వాత కోచ్ అయ్యాడు. అదే దక్షిణాది చిన్న క్లబ్బుల దారి. 2012లో సి లీగులో ఉన్న షపెకొయెన్సె అనే చిన్న క్లబ్బుని తీసుకుని, 2013 చివరికల్లా ఎ లీగులోకి చేర్చాడు.